మానేసిన గోలీలు

సింధూజ ఫోను చేసినప్పుడు బాలరాజు లారీ కింద వెల్లకిలా పడుకుని చక్రాల మీది కమాన్ పట్టీల బోల్టు విప్పుతున్నాడు. కొత్తకోట దాటాక బెంగళూరు రోడ్డు పక్కనే అతని రేకుల షెడ్డు. బరువు మోసి మోసి విరిగిన కమాన్లు మార్చడంలో అతని చేతికి పేరుంది. నూనె వేళ్ళతోనే ఫోను చెవికి పెట్టుకున్నాడు.

ఆమెకు మూడో నెల. పరీక్షలకని పొద్దున్నే వనపర్తి దవాఖానకు పోయింది. ఒకసారి రక్తం తీశారట, కాసేపాగి మళ్ళీ తీశారట. ఏమిటని అడిగితే ఎవరూ చెప్పడం లేదని, మొగుణ్ణి పిలిపించుకో అంటున్నారని చెప్పింది. గొంతులో భయం లేదు, విసుగే ఉంది. కూతురు కావ్య బడి విడిచే వేళకు ఎవరు పోతారన్నదే ఆమె బాధ.

"రక్తం తక్కువున్నదేమో. వస్తున్న" అన్నాడు బాలరాజు.

ఫోను పెట్టేశాక వెంటనే లేవలేదు. ఆమె మాట పూర్తికాకముందే అతనికి సంగతి అర్థమైపోయింది. లారీ కింద అట్లాగే పడుకుని, జాకీ జారి ఈ బండి తన మీద పడితే బాగుండునని అనుకున్నాడు. తర్వాత బయటికి వచ్చి, చేతులు డీజిల్‌తో రుద్దుకుని, పక్కింటామెకు కావ్య సంగతి చెప్పి వనపర్తి బస్సెక్కాడు.

బాలరాజుది అయిజ దగ్గర పల్లె. ఇంటర్ తప్పాక ఊళ్ళో జతగాళ్ళతో బోరు బండి మీద పనికి పోయాడు. కర్ణాటక, మహారాష్ట్ర, ఎక్కడ నీళ్ళు లేకపోతే అక్కడ. ఆ తిరుగుడులోనే జబ్బు అంటుకుంది. చిక్కి సగమై, దగ్గుతో ఇంటికి చేరాక పాలమూరు పెద్ద దవాఖానలో పరీక్ష చేసి హెచ్‌ఐవీ అన్నారు. దగ్గర్లో ఎవరైనా గుర్తుపడతారని మందులు కూడా పాలమూరులోనే తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. రోజుకో గోలీ. కొన్నాళ్ళకు మనిషి మళ్ళీ మనిషయ్యాడు. కమాన్ల పని నేర్చుకుని కొత్తకోటలో షెడ్డు వేసుకున్నాడు.

ఆ మందుల గదిలో మాట్లాడి ధైర్యం చెప్పే మేడం పేరు ఖైరున్నిసా. ఒకసారి రక్తపరీక్ష కాగితం చూసి, వైరస్ కనపడటం లేదని ఆమె చెప్పినప్పుడు బాలరాజు కుర్చీలోంచి లేచి దండం పెట్టాడు. ఆమె అతణ్ణి మళ్ళీ కూర్చోబెట్టింది. కనపడలేదంటే పోయిందని కాదని, గోలీకి భయపడి ఒంట్లో ఏదో మూల నక్కి ఉందని, గోలీ ఆపితే కొద్ది వారాల్లోనే మళ్ళీ లేస్తుందని చెప్పింది. గోలీ వేసుకున్నంత కాలం మాత్రం భార్యకు కూడా అంటదని చెప్పింది. పెళ్ళి చేసుకో, కానీ ఆ పిల్లకు ముందే చెప్పు, ఇక్కడికి తోలుకురా, ఆమెకు నేను విడమరిచి చెప్తానని కూడా అన్నది. బాలరాజు సరేనన్నాడు. ఆమె చెప్పినవాటిలో 'అంటదు' అన్న ఒక్క మాటే చెవిలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

తిమ్మాజిపేటలో సింధూజను చూడబోయినప్పుడు వాళ్ళమ్మ కాంతమ్మ ఇద్దర్నీ కాసేపు గదిలో మాట్లాడుకోమన్నది. చెప్పాలనుకుంటే అదే సమయం. సింధూజ తన కుట్టుమిషను గురించి చెప్పింది, కొత్తకోటలో ఎండలు ఎట్లుంటాయని అడిగింది. అతను ఎండల గురించి చెప్పి బయటికి వచ్చాడు. ముహూర్తం పెట్టుకున్నాక చెప్పొచ్చు అనుకున్నాడు. పెళ్ళయ్యాక, కొంచెం చనువు వచ్చాక చెప్పొచ్చు అనుకున్నాడు. కావ్య కడుపులో పడ్డప్పుడు సింధూజకు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నారు. ఆ రోజు షెడ్డుకు వచ్చి, నట్లు విప్పే పానాల డబ్బాలో దాచిన గోలీల సీసా తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఇక చెప్పాల్సిన పనేముంది, దానివల్ల ఎవరికి మేలు అనుకున్నాడు. సంసారం సాఫీగా నడుస్తోంది. అబద్ధం కూడా దాంతోపాటే నడిచింది.

నిరుడు వానలు మొదలయ్యే ముందు గోలీల కోసం పాలమూరు పోయాడు. మందుల గది ముందు బెంచీ మీద శంకరయ్య కూర్చుని ఉన్నాడు. శంకరయ్య సింధూజకు మేనమామ. పెళ్ళిలో బాలరాజు కాళ్ళు కడిగిన మనిషి. అతను తల తిప్పేలోపల బాలరాజు వెనక్కి తిరిగి మెట్లు దిగి, గేటు దాటి, బస్టాండు చేరేదాకా ఆగలేదు. వచ్చే వారం వద్దామనుకున్నాడు. వచ్చే వారం వెళ్ళలేదు. చేతిలో ఉన్న గోలీలు అయిపోయాయి.

మొదట్లో భయపడ్డాడు. పొద్దున లేచి అద్దంలో నాలుక చూసుకునేవాడు. ఏమీ కాలేదు. ఆకలి బాగానే ఉంది, చేతుల్లో బలం బాగానే ఉంది. ఇన్నేళ్ళు కనపడనిది నిజంగానే పోయిందేమో, డాక్టర్లు ఎప్పుడూ భయపెట్టే చెప్తారు కదా అనుకున్నాడు. ఖైరున్నిసా రెండు మూడుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. ఆ నంబరు మళ్ళీ రాకుండా చేశాడు.

బతుకమ్మ రోజుల్లో సింధూజకు జ్వరం వచ్చింది. గొంతులో గడ్డలు, ఒంటినిండా ఎర్రటి పొక్కులు. వీధిలో ఆడవాళ్ళు తంగేడు పూలు పేరుస్తుంటే ఆమె మంచం దిగలేకపోయింది. సందు చివరి డాక్టరు సెలైన్ పెట్టి, ఊరంతా వైరల్ జ్వరాలే అన్నాడు. నిజంగానే ఊరంతా జ్వరాలున్నాయి. బాలరాజు ఆమె నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, మొదట్లో తనకు వచ్చిన జ్వరం గుర్తుకొచ్చి చెయ్యి ఆపాడు. ఆమె కళ్ళు తెరిచి ఏందన్నది. ఏంలేదన్నాడు. వారానికి జ్వరం తగ్గింది. బతుకమ్మ ఆడలేకపోయానని ఆమె బాధపడితే, వచ్చే ఏడు ఆడుదువులే అన్నాడు. అప్పుడైనా పాలమూరు పోయి ఉండొచ్చు. పోలేదు.

ఇప్పుడు వనపర్తి దవాఖానలో ఒక గదిలో ఇద్దర్నీ కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, సింధూజకు హెచ్‌ఐవీ ఉందని చెప్పారు. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. పరీక్ష చేసినవాళ్ళ వైపు, బాలరాజు వైపు మార్చి మార్చి చూసింది. నువ్వెప్పుడైనా పరీక్ష చేయించుకున్నావా అని వాళ్ళు బాలరాజును అడిగారు. ఆ గదిలో నిజం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది.

"లేదు" అన్నాడు.

అతని రక్తం తీశారు. కాసేపటికి అతనికీ ఉందన్నారు. ఇద్దరూ పాలమూరు పోయి మందులు మొదలుపెట్టాలని, తల్లి వెంటనే గోలీలు వేసుకుంటే బిడ్డకు రాకుండా కాపాడొచ్చని చెప్పారు.

బస్సులో సింధూజ ఏడవలేదు. ఇంటికి వచ్చి, కావ్యకు అన్నం పెట్టి నిద్రపుచ్చాక అతని పక్కన కూర్చున్నది. కావ్య పుట్టినప్పుడు తనకు రక్తం ఎక్కించారు కదా అన్నది. నెత్తురు చాలా పోయిందని రెండు సీసాలు ఎక్కించారు. దాంట్లోనే వచ్చి ఉంటుంది. అప్పుడు తనకు వచ్చి, తన నుంచి అతనికి అంటుకున్నట్టుంది.

"నా వల్లనే నీకు గిట్లయింది" అన్నది. అప్పుడు ఏడ్చింది.

ఆమె తన తలను అతని భుజానికి ఆనిస్తే బాలరాజు కదలకుండా కూర్చున్నాడు. గట్ల అనకు అన్నాడు, అంతే. ఆ మాటను ఆమె అతని మంచితనం అనుకున్నది.

ఆ తర్వాతి రోజులు అతను బతికిన రోజుల్లో అన్నిటికంటే చెడ్డవి. సింధూజ అతనికి ఇష్టమైన కూరలు వండేది. ఎప్పుడూ లేంది, షెడ్డు నుంచి వచ్చేసరికి స్నానానికి నీళ్ళు తోడి పెట్టేది. అతను దగ్గితే ఉలిక్కిపడేది. వద్దనుకుంటే తనను పుట్టింట్లో దింపేయమని, ఎవరికీ ఏమీ చెప్పనని, అతని మీద మాట రానివ్వనని ఒకరోజు బట్టలు ఉతుకుతూ మెల్లగా అన్నది. బాలరాజు పెరట్లోంచి లేచి షెడ్డుకు పోయాడు. షట్టరు దించుకుని, ఎవరూ లేని చోట తన చెంప మీద తానే కొట్టుకున్నాడు. కానీ సాయంత్రం ఇంటికి వచ్చి మళ్ళీ ఆమె వడ్డించిన అన్నమే తిన్నాడు.

పాలమూరు వెళ్ళిన రోజు మందుల గదిలోకి అడుగుపెట్టగానే ఖైరున్నిసా తలెత్తింది. ఆమె చూపు ఒక్క క్షణం బాలరాజు మీద ఆగి, సింధూజ మీదికి, కొంచెం ఎత్తుగా కనిపిస్తున్న ఆమె పొట్ట మీదికి పోయింది. కూర్చోమన్నది. సింధూజకు మంచినీళ్ళిచ్చింది. తర్వాత అతని వైపు తిరిగి అడిగింది.

"మీ పేరు?"

ఎన్నో ఏళ్ళుగా పేరు పెట్టి పిలిచిన మనిషి. అతని నాయన చనిపోయిన ఏడు ఫోనులో పలకరించిన మనిషి.

"బాలరాజు" అన్నాడు. తన పేరు తనకే కొత్తగా వినిపించింది.

సింధూజను రక్తం తీయడానికి పక్కగదికి పంపాక ఖైరున్నిసా తలుపు మూసింది. ఆమె ముఖంలో కోపం లేదు, అలసట ఉంది.

"నీ సంగతి ఆమెకు నేను చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు. కాని ఆమె, రక్తం ఎక్కిచ్చుకుని నా మొగునికి అంటిచ్చిన మేడం అని నా ముందర ఏడుస్తది బాలరాజూ. నేను తల ఊపుకుంట వినాలె. అది నాతోని కాదు."

గోలీలు ఎప్పుడు మానేశావని అడిగింది. చెప్పాడు. ఎందుకని అడిగింది. శంకరయ్య సంగతి చెప్పాడు. మానేసి మళ్ళీ మొదలుపెడితే మందు పనిచేయకుండా పోయే ప్రమాదముందని, అతని రక్తం విడిగా పరీక్షకు పంపాలని చెప్పింది. తలుపు తీసేముందు, ఇంటికి పోయేలోపల నువ్వే చెప్పాలె అన్నది.

సింధూజ చేతిలో గోలీల సీసాతో బయటికి వచ్చింది. మొదటి గోలీ అక్కడే వేసుకున్నది. దవాఖాన ఆవరణలో చాయ్ బండి పక్కన సిమెంటు అరుగు మీద కూర్చున్నారు. బాలరాజు రెండు చాయ్‌లు తెచ్చాడు.

"సింధూ, నీకు రక్తం ఎక్కిచ్చినందుకు రాలే. నా నుంచి వచ్చింది."

ఆమె చాయ్ పక్కన పెట్టింది. నీకెట్ల తెల్సు అన్నది.

"నాకు పెండ్లికి ముందటి నుంచే ఉన్నది."

చుట్టూ జనం తిరుగుతున్నారు. ఒక ముసలామె వాళ్ళ మధ్యనే సంచి పెట్టి, చూస్తుండమని చెప్పి నీళ్ళకు పోయింది. సింధూజ ఆ సంచి వైపే చూస్తూ ఒక్కొక్కటే అడిగింది. నన్ను చూడ వచ్చిననాడు తెలుసా. తెలుసన్నాడు. మరి కావ్య కడుపులో ఉన్నప్పుడు నాకెందుకు రాలేదన్నది. అప్పుడు తను రోజూ గోలీ వేసుకునేవాణ్ణని, వేసుకుంటే ఎదుటివాళ్ళకు అంటదని చెప్పాడు. మరి ఇప్పుడేమైందన్నది. మానేశానన్నాడు. ఎందుకు మానేశావన్నది. అన్నీ చెప్పాడు. శంకరయ్య బెంచీ మీద కూర్చోవడం, తను వెనక్కి పరుగెత్తడం, వైరస్ పోయిందేమో అనుకోవడం, బతుకమ్మనాటి జ్వరం. ఏదీ మిగుల్చుకోలేదు.

"మా మామ చూస్తడని మానేసినవ్" అన్నది. అది ప్రశ్న కాదు. ఆ మాటను తనకు తాను అప్పజెప్పుకుంటున్నట్టు ఇంకోసారి అన్నది. తర్వాత ఆమె గొంతు మారింది.

"నాకు చెప్పుంటే నేనే తెస్తుంటి గద. రోజు బువ్వ తిన్నంక నీ చేతిల నేనే పెడుతుంటి. ఒక్కనాడు మరువనియ్యకపోతుంటి."

బాలరాజు తన చాయ్ కూడా అరుగు మీద పెట్టేశాడు.

"నా వల్లనే అయిందని నేను ఇన్ని దినాలు ఏడ్చుకుంట నీకు నీళ్ళు తోడి పెడితిని. నువ్వు పోసుకుంటివి" అన్నది.

ముసలామె వచ్చి సంచి తీసుకుంది. సింధూజ లేచి నిలబడింది. తిమ్మాజిపేట పోతున్నానని, రేపు కావ్యను, బట్టలను తెచ్చి దింపమని చెప్పింది. బస్టాండు దాకా వస్తానంటే వద్దన్నది. పది అడుగులు పోయి వెనక్కి వచ్చి, అరుగు మీద మరిచిపోయిన గోలీల సీసా తీసుకుని మళ్ళీ పోయింది.

కాన్పయ్యేదాకా, ఆ తర్వాత కొన్నాళ్ళు కూడా ఆమె తిమ్మాజిపేటలోనే ఉన్నది. తల్లికి, అన్నావదినలకు తన ఒంట్లో రక్తం తక్కువుందని, అందుకే రోజూ గోలీ అని చెప్పింది. బాలరాజుకు ఆమె ఒక్కటే ఒప్పుకున్నది: పాలమూరులో పరీక్షలున్న రోజు దవాఖానకు రావొచ్చు. అతను ముందే వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు. ఆమె బస్సు దిగి పక్కనుంచి నడిచిపోతే వెనక పోయేవాడు. మధ్యలో ఎవరైనా చూస్తే పెళ్ళాం మొగుడు అనుకోరు. కావ్య ఎట్లుందని అడిగితే మంచిగున్నదని చెప్పేది. అంతకు మించి మాట లేదు. కావ్యకు కూడా పరీక్ష చేశారు. ఏమీ లేదన్న రోజు మాత్రం సింధూజ బెంచీ మీద కూలబడిపోయి, చాలాసేపటిదాకా లేవలేదు. అతను దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దగ్గరికి పోయే ధైర్యం లేదు.

అతని రక్తంలో వైరస్ మళ్ళీ లేచింది. కానీ పాత గోలీ ఇంకా పనిచేస్తోందని తేలింది. మొదలుపెట్టాడు. ఈసారి సీసాను పానాల డబ్బాలో దాచలేదు. ఇంట్లో దేవుని పటం పక్కన పెట్టాడు. చూసేవాళ్ళెవరూ లేని ఇల్లు.

ఒకసారి కావ్యను చూడటానికి తిమ్మాజిపేట పోయినప్పుడు శంకరయ్య అక్కడే ఉన్నాడు. కాంతమ్మ చాయ్ ఇచ్చింది. మాటల్లో మాటగా పాలమూరు దవాఖాన గురించి వచ్చింది. నిరుడు చేను పక్కోణ్ణి కాలు విరిగితే ఎక్స్‌రేకు తీసుకుపోయానని, పొద్దంతా అక్కడే పడి ఉండాల్సి వచ్చిందని శంకరయ్య చెప్పుకొచ్చాడు. అంత పెద్ద దవాఖానలో ఎక్కడా గాలి ఆడలేదని, ఏవో మందులిచ్చే గది ముందు ఒక్క ఫ్యాను తిరుగుతుంటే దాని కింద బెంచీ మీద కూర్చుని నిద్రపోయానని నవ్వాడు. సింధూజ గడపలో కూర్చుని ఆకుకూర తెంపుతోంది. ఆమె చేతులు ఆగాయి. తలెత్తి బాలరాజును చూసింది. మామ అసలు ఎవరినీ చూడనేలేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. బాలరాజు చాయ్ కప్పు కింద పెట్టి, పనుందని చెప్పి వచ్చేశాడు. తిమ్మాజిపేట బస్టాపులో ఎక్కాల్సిన బస్సు ముందునుంచే పోయినా అతనికి కనిపించలేదు.

నెలలు నిండే ముందు సింధూజకు మళ్ళీ పరీక్ష చేశారు. ఆమె రక్తంలో వైరస్ కనపడలేదు. ఖైరున్నిసా సంతోషంగా ఆ మాట చెప్తే సింధూజ నవ్వలేదు.

"కనపడలేదంటే పోయినట్టు కాదు గద మేడం" అన్నది. కాదు బిడ్డా అన్నది ఖైరున్నిసా.

కొడుకు పుట్టాడు. చరణ్ అని పేరు పెట్టుకున్నారు. పుట్టిన వెంటనే ఒక సిరప్ మొదలుపెట్టి ఆరు వారాలు పోయమన్నారు. ఆరు వారాలు నిండాక పాలమూరు తీసుకుపోయారు. ఆ రోజే వాడికి టీకాలు కూడా. రెండు తొడలకూ సూదులు వేశారు, నోట్లో పోలియో చుక్కలు వేశారు. మడమకు గుచ్చి, పరీక్షకని నాలుగు చుక్కల నెత్తురు ఒక కాగితం మీద పట్టారు. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. సింధూజ వాణ్ణి భుజాన వేసుకుని ఊపుతూ ఖైరున్నిసాను అడిగింది.

"గీ సూదులల్ల దానికి కూడా ఉన్నదా?"

"దానికి టీకా ఇంకా రాలే బిడ్డా. పోలియోకు ఉన్నది, కామెర్లకు ఉన్నది, తట్టుకు తొమ్మిది నెలలప్పుడు వేస్తరు. దానికి లేదు. నువ్వు దినాం వేసుకున్న గోలీనే వీనికి టీకా లెక్క అడ్డం నిలబడ్డది."

తలుపు దగ్గర నిలబడ్డ బాలరాజు ఆ మాట విన్నాడు. కావ్య కడుపులో ఉన్నప్పుడు సింధూజకు ఏమీ కాకుండా అడ్డం నిలబడ్డది ఏమిటో ఇన్నాళ్ళూ అతనికి తెలుసు. కానీ ఇట్లా ఎప్పుడూ అనుకోలేదు. తను మింగే గోలీ తన ఒంటికని అనుకున్నాడు. అది ఆమెది కూడా. ఆమెకు తెలియకుండా ఆమెకు ఒక అడ్డం పెట్టాడు, ఆమెకు తెలియకుండానే తీసేశాడు. బయటికి వచ్చి కుళాయి కింద ముఖం పెట్టాడు. ఎంత కడుక్కున్నా చాల్లేదు.

కొన్నాళ్ళకు ఫోను వచ్చింది. బాబుకు లేదన్నారు. ఇంకా పరీక్షలుంటాయని, ఏడాదిన్నర నిండాక చేసేదే ఆఖరిదని చెప్పారు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బాలరాజు షెడ్డు నుంచి అన్నానికి వచ్చేసరికి ఇంటి ముందు ఆటో ఉంది. సింధూజ పిల్లలతో దిగుతోంది. సామాన్లు తీసుకోబోతే ఆగమన్నది. ముందు తను చెప్పేది వినమన్నది. తిమ్మాజిపేటలో వదిన తన పిల్లవాడికి దగ్గు వస్తే, మిగిలిన చరణ్ సిరప్ సీసా చేతికి తీసుకున్నదట. ఇదేం మందో మెడికల్ షాపువాడికి చూపించి, బాగుంటే తన కొడుక్కీ తెస్తానన్నదట. సింధూజ సీసా లాక్కున్నది. లాక్కోవడం వదినకు వింతగా అనిపించింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ప్రతి చూపుకూ భయమే. తన గోలీలు బియ్యం డబ్బాలో దాచి, అందరూ చేనుకు పోయాక వేసుకునేది.

"నువ్వు పానాల డబ్బాల దాచినట్టే నేను బియ్యంల దాస్తిని. ఇక్కడైతే దాచే పని లేదు. ఒక్కనికన్న తెల్సు. గంతకే వచ్చిన. వేరేది ఏం అనుకోకు" అన్నది.

బాలరాజు సామాన్లు లోపల పెట్టాడు. ఆ రోజు నుంచి రాత్రి అన్నాలయ్యాక ఇద్దరూ గోలీలు వేసుకుంటారు. ఆమె తనది వేసుకుని, అతను వేసుకునేదాకా అక్కడే నిలబడుతుంది. నీళ్ళ గ్లాసు కడిగి బోర్లిస్తుంది. కావ్యకు లెక్కలు చెప్తుంది, జాకెట్లు కుడుతుంది. షెడ్డులో పని ఎట్లుందని అడుగుతుంది. పక్కింటివాళ్ళకు ఆ ఇంట్లో ఏ తేడా కనిపించదు. మునుపు పడుకునే ముందు ఆమె రోజంతా జరిగింది చెప్పేది, ఎవరి మీదో కోపం, ఎవరి మీదో జాలి. ఇప్పుడు పిల్లల వైపు తిరిగి పడుకుంటుంది. చీకట్లో ఆమె మెలకువగా ఉన్నదని అతనికి తెలుసు.

అతను మాఫీ అడిగాడు. ఒకసారి కాదు. బియ్యం బస్తా దించేటప్పుడు, చరణ్ మొదటిసారి బోర్లాపడినప్పుడు, ఏమీ లేకుండా ఊరికే గుమ్మంలో నిలబడి. ఆమె విననట్టు ఊరుకునేది.

ఏడాదిన్నర నిండాక ఆఖరి పరీక్షకు పోయారు. చరణ్ అప్పటికి దవాఖాన వరండాలో పరుగులు పెడుతున్నాడు. రక్తం తీసినందుకు ఖైరున్నిసా ఇచ్చిన బిస్కెట్టు చేతిలో పట్టుకుని మందుల గది గుమ్మంలో కూర్చున్నాడు. కాసేపటికి ఖైరున్నిసా పిలిచి, వీడికి లేదు, ఇక ఎన్నడూ అడగొద్దు, పరీక్షలు అయిపోయినయని చెప్పింది. సింధూజ కొడుకును ఎత్తుకుని వాడి తల మీద గడ్డం ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు కదిలాయి, ఏ మొక్కు తీరుస్తానన్నదో వినిపించలేదు.

వరండాలోకి వచ్చాక బాలరాజు ఆపుకోలేకపోయాడు. గోడ వైపు తిరిగి, భుజాలు కదిలిపోయేట్టు ఏడ్చాడు. పోయేవాళ్ళు చూస్తున్నారు. సింధూజ ఆగింది.

"నన్ను మాఫీ చెయ్యి సింధూ" అన్నాడు.

ఆమె అతను ఊరుకునేదాకా చూసింది. కోపం లేదు ఆ ముఖంలో.

"వీనికి లేదు. నాకున్నది. నేను బతికినంత కాలం ఉంటది. నువ్వు మాఫీ అడిగినప్పుడల్ల నేను జవాబు చెప్పాలె. చేసిన అంటే అబద్ధం, చెయ్యలే అంటే ఇంట్ల ఉండలేం. నాకు ఓపిక లేదు. ఇగ అడగకు."

అతను తల ఊపాడు. మాఫీ అడగడమంటే తన బాధ దించుకోవడమేనని, దాన్ని కూడా ఇన్నాళ్ళూ ఆమె మీదనే దించుతున్నాడని అప్పుడు తెలిసింది.

కొత్తకోట బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. సంచి సర్దుకోవడానికి సింధూజ పిల్లవాణ్ణి అతని ఒళ్ళో పెట్టింది. భూత్పూరు దాటేసరికి వాడు అతని ఛాతీ మీద నిద్రపోయాడు. హైవే ఎక్కాక బస్సు వేగం అందుకుంది. అడ్డాకుల దగ్గర మాఫీ అన్న మాట మళ్ళీ బాలరాజు నోటిదాకా వచ్చింది. మింగుకున్నాడు. ఇట్లా ఎన్నిసార్లు మింగుకోవాలో అతనికి తెలియదు.

సింధూజ కిటికీ మూయాలని చూసింది. అద్దం కదల్లేదు.

"గాలి కొడుతున్నది. వాని చెవులు కప్పు" అన్నది.

బాలరాజు తన భుజం మీది తువ్వాలు తీసి పిల్లవాడి చెవులు కప్పాడు.